చెయ్యి దూరని చోట క్రాంక్ సెన్సర్: అసలు భాగానికీ చవక నకలుకూ తేడా ఎక్కడుంది?

పాత కారుకు క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్, అంటే ఇంజను ప్రధాన ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) ఏ కోణంలో ఉందో ఇంజను కంప్యూటరుకు చెప్పే భాగం, కొనబోతే రెండు రకాలు కనిపిస్తాయి. కారు కంపెనీకి మొదట ఆ సెన్సర్‌ను తయారుచేసి ఇచ్చిన సంస్థే తన సొంత పెట్టెలో పెట్టి అమ్మేది ఒకటి. అదే ఆకారంలో, తయారీదారు పేరు లేని పెట్టెలో, ఆ ధరలో కొద్ది వంతుకే దొరికేది మరొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి, వేడి చేసి చూసి, చివరికి ఒకదాన్ని బండికి బిగించి నడిపిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చెయ్యి సులువుగా అందే చోట ఉండే సెన్సర్ అయితే నకలు పెట్టి చూడడంలో పెద్ద నష్టం లేదు. ఇంజనుకు వెనక, గేరుబాక్సు మీద, చూపు కూడా ఆనని చోట ఉండే సెన్సర్ విషయంలో మాత్రం అసలు తయారీదారు భాగమే కొనాలి. దాన్ని కూడా బల్ల మీద పరీక్షించి, నమ్మకం కుదిరిన తర్వాతే లోపలికి పంపాలి. అక్కడ ఖరీదైనది సెన్సర్ కాదు, దాని దాకా వెళ్లడం.

నాది రెండు దశాబ్దాలు దాటిన పెట్రోలు కారు. నాలుగు సిలిండర్ల ఇంజను ముందు నుంచి వెనక్కి పొడవుగా కూర్చుని ఉంటుంది. సెన్సర్ ఆ ఇంజను వెనక, గేరుబాక్సు బెల్ హౌసింగ్ (ఇంజనుకు ఆనే గంట ఆకారపు తొడుగు) పైభాగాన, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం పళ్లకు ఎదురుగా ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే అది కనపడదు. పై నుంచి చెయ్యి పెడితే వైర్ల కట్టా, హీటరు పైపులూ మణికట్టు దగ్గరే అడ్డుపడతాయి. కింద నుంచి చూస్తే గేరుబాక్సుకూ ఫ్లోరుకూ మధ్య సందులో దాని బోల్టు తల మాత్రం అద్దంలో కనిపిస్తుంది. ఈ ఇబ్బంది నా బండి ఒక్కదానిదే కాదు. మెర్సిడెస్ ఎం112 వి6 ఇంజనులో కూడా ఈ సెన్సర్ ఇంజను వెనక బెల్ హౌసింగ్ మీదే ఉంటుంది, పైగా దాని బోల్టుకు మామూలు పానా పట్టదు, ఈ8 టార్క్స్ సాకెట్ కావాలి. జీప్ చెరొకీ 4.0 లీటర్ల ఇంజనుకు కింద నుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించుకుంటూ వెళ్లాలి. బీఎండబ్ల్యూ ఎం54లో అది ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కింద, సెల్ఫ్ మోటారు పక్కన నక్కి ఉంటుంది. ఇంజను విడిగా ఉన్నప్పుడు ఆ చోట బిగించడం తేలికే. ఏళ్ల తర్వాత ఇంజను బండిలో ఉండగా మార్చవలసి వచ్చినప్పుడే ఆ ఇరుకు తెలుస్తుంది.

రెండు భాగాలను పోల్చాలంటే ఈ సెన్సర్ చేసే పని కొంత తెలియాలి. నా బండిలో ఉన్నది ఇండక్టివ్ రకం. లోపల ఒక శాశ్వత అయస్కాంతం, దానికి ఆనుకుని మెత్తని ఇనుప కడ్డీ, ఆ కడ్డీ చుట్టూ అతి సన్నని రాగి తీగతో చుట్టిన కాయిల్ ఉంటాయి. దీనికి బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. ఫ్లైవీల్‌తో పాటు తిరిగే పళ్లు దాని కొస ముందు నుంచి వెళ్తుంటే అయస్కాంత క్షేత్రం హెచ్చుతగ్గులకు లోనై, కాయిల్‌లో చిన్న చిన్న వోల్టేజీ అలలు పుడతాయి. చాలా ఇంజన్లలో 60 పళ్లకు చోటున్న చక్రం మీద 2 పళ్లు కావాలనే వదిలేసి 58 మాత్రమే ఉంచుతారు. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్ ఏ కోణంలో ఉందో కంప్యూటరు గుర్తుపడుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడిల్ వేగంలోనే సెకనుకు 770కి పైగా పళ్లు ఆ కొస ముందు నుంచి దాటిపోతాయి. ప్రతి స్పార్కునూ, ప్రతి ఇంజెక్టర్ తెరుచుకునే క్షణాన్నీ కంప్యూటరు ఈ అలలను బట్టే నిర్ణయిస్తుంది.

ఇక్కడ కొనేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ అలల ఎత్తు చక్రం వేగాన్ని బట్టి పెరుగుతుంది, సెన్సర్ కొసకూ పళ్లకూ మధ్య ఉండే సందు పెరిగితే తగ్గుతుంది. ఆ సందు సాధారణంగా 1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. చాలా బండ్లలో దాన్ని సర్దుకునే ఏర్పాటే లేదు. సెన్సర్ ఒంటి పొడవే దాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి ఒంటి పొడవు అర మిల్లీమీటరు తగ్గినా, నడిచే ఇంజనులో తెలియని ఆ లోపం, సెల్ఫ్ కొట్టేటప్పుడు, అంటే చక్రం అన్నిటికన్నా నెమ్మదిగా తిరిగే వేళ, బయటపడుతుంది. బ్యాటరీ కాస్త బలహీనంగా ఉన్న ఉదయం బండి ఎంతకీ అందుకోకపోతే, అది బ్యాటరీ తప్పని అనుకోవడానికి ఎంతైనా అవకాశం ఉంది.

పాత సెన్సర్ పోయిన తీరు ఈ రకానికి మామూలుగా ఉండేదే. బండి చల్లగా ఉన్నంతసేపూ ఏ లోటూ ఉండదు. ఇంజను బాగా వేడెక్కిన తర్వాత, ముఖ్యంగా ట్రాఫిక్‌లో నిలిచి ఉన్నప్పుడు, ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజను అందుకోదు. కాసేపు చల్లారనిస్తే ఏమీ జరగనట్టే మళ్లీ నడుస్తుంది. కాయిల్ తీగ వేడికి వ్యాకోచించి, లోపల ఎక్కడో సన్నని చీలిక దగ్గర తెగి, చల్లారాక మళ్లీ అతుక్కోవడమే ఇందుకు కారణం. చాలామంది ఈ దశలో పెట్రోలు పంపు మార్పిస్తారు, ఎందుకంటే ఆ సమయంలో చూస్తే పంపు నిజంగానే తిరగదు. అయితే పంపు చెడిపోయి కాదు. ఇంజను తిరుగుతున్నట్టు సెన్సర్ నుంచి కబురు రానప్పుడు పంపు రిలేకు కరెంటు ఆపేయడం కంప్యూటరుకు నేర్పిన జాగ్రత్త. స్పార్కు, పెట్రోలు రెండూ ఒకేసారి లేకపోతే ముందు అనుమానించవలసింది ఈ సెన్సర్‌నే. స్కానర్‌లో ఈ సెన్సర్ లోపాన్ని చెప్పే కోడ్ పి0335 లేదా పి0336 కనిపిస్తే మంచిదే. పాత కంప్యూటర్లు ఇలా వచ్చిపోయే లోపాన్ని నమోదు చేయకపోవచ్చు కూడా. సెల్ఫ్ కొడుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఇంజను వేగం చూపే టాకోమీటరు ముల్లు కాస్తయినా కదలకపోవడం చాలా బండ్లలో మరో ఆనవాలు.

సెన్సర్ ఎంత లోపల ఉన్నా దాని వైరు పైకి వచ్చి, చెయ్యి అందే చోట కప్లర్‌తో ముగియడం ఈ బండ్లలో ఒక అదృష్టం. బండి వేడి మీద ఆగిపోయిన వెంటనే ఆ కప్లర్ ఊడదీసి, సెన్సర్ వైపు రెండు పిన్నుల మధ్య మల్టీమీటరు పెడితే సంగతి తేలిపోతుంది. నా బండికి మాన్యువల్ చెప్పే విలువ 20 డిగ్రీల వద్ద 860 ఓమ్‌లు, పది శాతం అటూ ఇటూ. వేడి మీద పాత సెన్సర్ అసలు విలువే చూపలేదు, తీగ తెగినట్టే కనిపించింది. చల్లారుతూ ఉండగా అంకె ఒక్కసారిగా తిరిగి వచ్చింది. ఈ కొలత లేకుండా, అనుమానం మీదనే అంత కష్టమైన చోటికి చెయ్యి పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఇక బల్ల మీదికి వచ్చిన రెండు కొత్త సెన్సర్ల సంగతి. చల్లగా ఉన్నప్పుడు ఓమ్‌లు కొలిస్తే రెండూ మాన్యువల్ చెప్పిన పరిధిలోనే ఉన్నాయి. కేవలం ఈ ఒక్క పరీక్ష చేసి నకలు కూడా అసలుతో సమానమని తీర్పు చెప్పేవారిని చూశాను. ఆ తీర్పు ఎందుకు చాలదో మిగిలిన పరీక్షలు చూపించాయి. వెర్నియర్‌తో ఫ్లాంజి (హౌసింగుకు ఆనే అంచు) నుంచి కొస దాకా కొలిస్తే అసలు భాగం పాత సెన్సర్‌తో సరిగ్గా సరిపోయింది, నకలు దాదాపు అర మిల్లీమీటరు పొట్టిగా ఉంది. బోల్టు దూరే రంధ్రంలో అసలు భాగానికి చిన్న లోహపు బుష్ ఉంది. బోల్టు బిగువు ప్లాస్టిక్ మీద పడకుండా ఆ బుష్ మోస్తుంది. నకలులో ఆ బుష్ లేదు, వట్టి ప్లాస్టిక్ రంధ్రమే. వేడిలో ఏళ్ల తరబడి ఉండే చోట ప్లాస్టిక్ బోల్టు కింద నలిగి బిగువు సడలుతుంది, సడలితే సెన్సర్ అదురుతుంది, సందు మారుతుంది. నా దృష్టిలో ఈ బుష్ లేకపోవడం ఒక్కటే నకలును పక్కన పెట్టడానికి చాలిన కారణం.

వైరులో తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. అసలు భాగం వైరు లోపల రెండు తీగల చుట్టూ లోహపు జాలీ తొడుగు ఉంది, దాని మీద వేడిని తట్టుకునే గొట్టం, ఆ గొట్టం సెన్సర్ ఒంట్లోకి వెళ్లే చోట రబ్బరు బూటు. సిగ్నల్ అంత బలహీనంగా ఉండే సెన్సర్‌కు, ఇగ్నిషన్ కాయిల్ తీగల పక్క నుంచి వెళ్లే దారిలో, బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే ఆ జాలీ అత్యవసరం. నకలు కప్లర్‌లో జాలీకి మూడో పిన్ను ఉంది కానీ దాన్ని మల్టీమీటరుతో వెతికితే ఏ లోహానికీ కలవలేదు. వైరు పొడవు కూడా కొంత తక్కువ. కంపెనీ క్లిప్పుల వెంట తిప్పితే చాలక, దగ్గరి దారిలో సైలెన్సర్ మేనిఫోల్డుకు ఆనించి తీసుకుపోవలసి వస్తుంది, అలా పోయిన వైరు ఎక్కువ కాలం నిలవదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పరీక్ష వేడిది. మల్టీమీటరు పిన్నులకు తగిలించి ఉంచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో సెన్సర్ ఒంటిని నెమ్మదిగా వేడి చేస్తూ అంకెలను గమనించాను. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. అంటే 20 డిగ్రీల వద్ద 860 ఓమ్‌లు ఉన్న కాయిల్ 80 డిగ్రీలకు చేరేసరికి 1060 దాకా వెళ్లాలి. అసలు భాగం ఆ దారిలోనే మెట్టు మెట్టుగా ఎక్కింది, డ్రయ్యర్ తీసేస్తే అదే దారిలో దిగింది. నకలు కూడా చాలా దూరం అలాగే ఎక్కింది. అయితే వేడిగా ఉండగా వైరు ఒంట్లోకి దూరే చోట వేలితో కొద్దిగా వంచితే అంకె ఉలిక్కిపడి ఎగిరి, వదలగానే మళ్లీ కిందికి వచ్చింది. సరిగ్గా ఏ జబ్బుతో పాత సెన్సర్ పోయిందో, ఆ జబ్బు బీజంతోనే ఈ కొత్తది పుట్టింది. ఇది బండిలోకి చేరిన తర్వాత తెలిస్తే ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇలాంటి భాగాలకు ఇచ్చే గ్యారంటీ సామాన్యంగా భాగానికి బదులు భాగం ఇవ్వడం వరకే ఉంటుంది. విప్పి బిగించే శ్రమకు గానీ కూలికి గానీ అది వర్తించదు.

కొత్త సెన్సర్ కొస ముందు నుంచి ఒక ఇనుప పానాను చకచకా కదిపి, మల్టీమీటరును ఏసీ మిల్లీవోల్టుల మీద పెట్టి చూస్తే కాయిల్, అయస్కాంతం రెండూ బతికే ఉన్నాయో లేదో తెలుస్తుంది. అంకె ఎంత వచ్చిందన్నది ముఖ్యం కాదు, పానా కదిలినప్పుడల్లా అది కదలడమే ముఖ్యం. రెండు సెన్సర్లూ ఇందులో నెగ్గాయి. హాల్ రకం సెన్సర్ ఉన్నవారు మాత్రం ఈ ఓమ్‌ల పరీక్షలేవీ చేయకూడదు. దానికి సాధారణంగా మూడు పనిచేసే తీగలు ఉంటాయి, లోపల ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటుంది, కరెంటు ఇస్తేనే పనిచేస్తుంది. దాని పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిస్తే అర్థమున్న అంకె రాదు, చిప్పుకు హాని జరిగే ప్రమాదమూ ఉంది. మూడు పిన్నులు ఉన్నంత మాత్రాన హాల్ అనుకోవడానికీ లేదు, నా సెన్సర్‌లో లాగా మూడోది జాలీకి చెందినది కావచ్చు. వైరింగ్ పటం చూసి తేల్చుకోవాలి.

బిగించే పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ భాగం మంచిదా కాదా అన్నది అక్కడే పూర్తిగా తేలుతుంది. బండి పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ముందు భాగాన్ని జాకీ మీద కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. బోల్టు తల మీద ముందు రోజే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచాను. రాట్చెట్‌కు పొడవాటి ఎక్స్‌టెన్షన్, దాని చివర మాత్రమే యూనివర్సల్ జాయింట్, ఆ తర్వాత పొట్టి సాకెట్, ఈ వరసలో పెట్టుకుంటే చెయ్యి గేరుబాక్సు వెనక ఖాళీగా ఉండే చోట తిరుగుతుంది, సాకెట్ ముందున్న ఇరుకులో తిరుగుతుంది. జాయింట్ మధ్యలో పెడితే మొత్తం కడ్డీ కొరడాలా ఊగి బోల్టు తల అంచులు పోతాయి. సాకెట్ లోపల చిన్న ముక్క ఇన్సులేషన్ టేపు అతికిస్తే బోల్టు అందులోనే పట్టుకుని ఉంటుంది, ఊడిన బోల్టు గేరుబాక్సు మీది పళ్లెంలాంటి చోట పడి కనిపించకుండా పోదు.

బోల్టు ఊడి వచ్చినంత మాత్రాన సెన్సర్ రాదు. ఇది తెలియక స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే ప్లాస్టిక్ ఫ్లాంజి విరిగి, మిగతా ఒళ్లు రంధ్రంలోనే ఉండిపోతుంది, ఆ తర్వాత పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. అల్యూమినియం హౌసింగులో ఏళ్లుగా కూర్చున్న ‘ఓ’ రింగు (సెన్సర్ చుట్టూ ఉండే గుండ్రటి రబ్బరు సీలు) రాయిలా గట్టిపడి, చుట్టూ తెల్లటి తుప్పు పేరుకుని పట్టేసి ఉంటుంది. కాబట్టి ముందు సెన్సర్‌ను దాని చుట్టూ తానే, ఎడమకూ కుడికీ కొద్ది కొద్దిగా తిప్పాలి. ఆ తిప్పడంలో పట్టు వదిలిన చిన్న చప్పుడు చేతికి తెలుస్తుంది, అప్పుడు పైకి లాగాలి. నా పాత సెన్సర్ కొస నిండా సన్నని ఇనుప రజను నల్లగా గడ్డకట్టి ఉంది. క్లచ్ పళ్లేల నుంచి, ఫ్లైవీల్ పళ్ల నుంచి రాలిన పొడిని అయస్కాంతం ఇన్నేళ్లుగా పోగుచేసుకుంది. దాన్ని తుడిచేశాక కొస మూలన, వైరు వైపు ప్లాస్టిక్‌లో, గోరు పెడితే తగిలే సన్నని చీలిక కనిపించింది. వైరు తొడుగు వంచితే పెళుసుగా విరిగింది.

పాత వైరును కిందికి లాగే ముందు దాని కప్లర్‌కు గట్టి దారం కట్టి ఉంచడం ఈ పనిలో నేను అందరికీ గట్టిగా సిఫారసు చేసే ఉపాయం. సెన్సర్ వైపు నుంచి పాతది కిందికి లాగితే దారం అదే దారిలో, అవే క్లిప్పుల వెనక నుంచి కిందికి వస్తుంది. కొత్త కప్లర్‌ను ఆ దారానికి కట్టి పైకి లాగితే కంటికి కనపడని ఆ దారి అంతా తప్పకుండా అదే ఉంటుంది. అసలు భాగం కప్లర్ పాతదానితో సమానంగా ఉండడం వల్ల ఎక్కడా చిక్కుకోలేదు. వైరు పొడవు కూడా చివరి క్లిప్పు దాకా సరిపోయింది, బిగుతుగా గానీ వేలాడుతూ గానీ లేదు.

రంధ్రాన్ని శుభ్రం చేసేటప్పుడు లోపల తుప్పు పొడి పడకుండా నూనెతో తడిపిన గుడ్డను చుట్టి తుడవాలి. గీరడానికి ఇనుప వస్తువు వాడితే అల్యూమినియం గీతలు పడుతుంది. కొత్త ఓ రింగుకు ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాస్తే సెన్సర్ బొటనవేలి ఒత్తిడికే దిగిపోతుంది. సుత్తితో కొట్టవలసి వస్తే ఏదో అడ్డున్నట్టే, ఆపి చూసుకోవాలి. కొన్ని బండ్లకు వచ్చే సెన్సర్ల కొస మీద పల్చని కాగితం ముక్క అంటించి ఉంటుంది, సందు కొలత కోసం పెట్టినది, దాన్ని పీకేయకూడదు. ఇంజను తిరిగాక అదే అరిగిపోతుంది. బోల్టును మొదటి మరలు వేళ్లతో పట్టించాకే సాకెట్ వాడాలి. ఎం6 బోల్టుకు ఇలాంటి చోట 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు మామూలు, ఆ బండి మాన్యువల్ వేరే చెబితే అదే లెక్క. టార్క్ రెంచి ఆ సందులో దూరదు కాబట్టి పొట్టి పానా చాలు, పొడవాటి పానాతో బలం తెలియదు.

ఇంజను మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. అంతకన్నా ముఖ్యం, బాగా వేడెక్కాక ఆపి మళ్లీ వేసినప్పుడు కూడా అంతే త్వరగా అందుకుంటోంది. ఎండలో, నిలిచి నిలిచి కదిలే ట్రాఫిక్‌లో కూడా ఇప్పటి దాకా ఒక్కసారీ ఆగలేదు. బిగించిన తర్వాత వేడి మీద కప్లర్ దగ్గర మరోసారి కొలిచాను; నిరోధం బల్ల మీద చూసిన అంకెల దారిలోనే ఉంది, వైరు కదిపినా మారడం లేదు. కొన్ని కంపెనీల బండ్లలో సెన్సర్ మార్చాక స్కానర్‌తో క్రాంక్ వేరియేషన్ రీలెర్న్ అనే పని, అంటే కొత్త సెన్సర్ అలలను కంప్యూటరుకు మళ్లీ నేర్పడం, చేయించాలి, లేకపోతే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) లెక్కలు తప్పుగా వచ్చి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. నా బండికి అది అవసరం లేదు.

అసలు భాగంలో లోటు లేదని చెప్పను. పెట్టెలో ఏ కాగితమూ లేదు. బోల్టు బిగువు ఎంతో, ఓ రింగుకు ఏం రాయాలో చెప్పే నాలుగు వాక్యాలు ముద్రించి ఉంటే సొంతంగా పని చేసుకునేవారికి ఎంతో మేలు జరిగేది. కొత్త బోల్టు ఇవ్వలేదు, ఆ చోట తుప్పు పట్టిన బోల్టునే తిరిగి వాడడం సరికాదు కాబట్టి విడిగా తెచ్చుకోవలసి వచ్చింది. వేడి తొడుగు పాతదానికన్నా కొంచెం పొట్టిగా ఉంది, పైభాగంలో రెండు వేళ్ల మేర వైరు బయటికి కనిపిస్తోంది. అక్కడ నేను విడిగా ఫైబర్‌గ్లాస్ గొట్టం తొడిగాను. కప్లర్ రబ్బరు సీలు చాలా బిగువు, నొక్కినప్పుడు తాళం పడిన చప్పుడు స్పష్టంగా వినిపించే దాకా ఆగకూడదు. ఇవన్నీ సరిదిద్దుకోగల లోటులే. ఒంటి పొడవు, బుష్, జాలీ, వేడికి తట్టుకోవడం, ఈ నాలుగూ సరిదిద్దుకోలేనివి, వాటిలో ఈ భాగం నిలబడింది. పేరున్న పెట్టెల్లోనూ దొంగ సరుకు వస్తుంది కనుక ఒంటి మీద భాగం నంబరు ముద్ర, తయారీ గుర్తులు పాతదాని మీద ఉన్నవాటితో సరిపోల్చుకోవడం, పైన చెప్పిన కొలతలు తీసుకోవడం తప్పనిసరి.

ఇదే ఆలోచన ఇంకో సెన్సర్‌కూ వర్తిస్తుంది. టొయోటా 1ఎంజడ్-ఎఫ్‌ఈ వి6 లాంటి ఇంజన్లలో నాక్ సెన్సర్లు (పెట్రోలు తప్పుగా మండినప్పుడు వచ్చే టకటక అదురును పసిగట్టేవి) ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కింద, రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ఉంటాయి. మేనిఫోల్డ్ విప్పిన తర్వాత ఒక్క సెన్సర్ మాత్రమే మార్చి, పెళుసెక్కిన పాత వైరును అలాగే వదిలేయడం నాకు అర్థం కాని పొదుపు. రెండు సెన్సర్లూ, ఆ చిన్న వైరింగూ, గ్యాస్కెట్లూ ఒకేసారి మార్చాలి. మధ్యలో బోల్టు దూరే చదునైన నాక్ సెన్సర్ అయితే సుమారు 20 న్యూటన్ మీటర్ల బిగువే దాని చెవి లాంటిది; వాషర్ వేసినా, కింద తుప్పు మిగిలినా, బిగువు తేడా చేసినా అది వినే తీరు మారిపోతుంది.

అసలు భాగం పెట్టినా బండి వేడి మీద ఆగుతూనే ఉంటే సెన్సర్‌ను తప్పుపట్టే ముందు కప్లర్ నుంచి కంప్యూటరు దాకా వెళ్లే వైర్లను చూడాలి. రెండు తీగలూ అటు చివర దాకా కలుస్తున్నాయా, ఒకదానికొకటి గానీ బాడీకి గానీ తగులుతున్నాయా, జాలీ ఒక్క చివరనే ఎర్త్ అయి ఉందా అన్నవి చూసుకోవాలి. జాలీ రెండు చివర్లా ఎర్త్ అయితే అదే విద్యుత్ అలజడిని లోపలికి తెస్తుంది. ఎవరైనా మునుపు కప్లర్ మార్చి ఉంటే రెండు తీగలూ తారుమారు కాలేదని కూడా చూసుకోవాలి, ఇండక్టివ్ సెన్సర్‌లో అవి మారితే అలలు తలకిందులై ఇంజను అందుకున్నా తడబడుతుంది. ఈ పరీక్షలన్నీ బానెట్ పక్కన నిలబడి చేసుకోగలిగినవే, బండి కిందికి మళ్లీ దూరనక్కర్లేదు.